‘రూట్’ శబ్దార్థవిచారము

ఒక శబ్దమునకుఁ బెక్కర్థము లుండుట భాషలకెల్ల సహజము. పతంజలి మహాభాష్యమున నక్ష, పాద, మాష శబ్దముల నిందులకు దృష్టాంతములుగాఁ జూపెను. అక్షము జూదపుఁబాచికయు నగును, బండియిరుసు నగును. పాదము కాలు నగును, శ్లోకచతుర్థాంశము నగును. మాషము మినుము నగును, బంగారమును దూఁచు నొక పరిమాణము నగును. అమరసింహుఁ డిట్టి శబ్దములకై తన నిఘంటువున నానార్థవర్గమను ప్రత్యేకభాగము నేర్పఱచెను. అయినను లోకమందలి నానార్థత్వము వేఱు, శాస్త్రములందలి నానార్థత్వము వేఱు. లోకవ్యవహారమున నొకయర్థమునకు మాఱు మఱియొకటి తోఁచినచో వినినవాఁ డప్పటికప్పుడే దిద్దుకొనును. శాస్త్రమున నట్లు తోఁచినచో నా పొరపాటు గ్రంథములకెక్కి తరతరములు నిలిచియుండును. ఆంగ్లమున మిక్కిలి సామాన్యమైన ‘రూట్’ అను పదము చరిత్ర యీ విషయమును జక్కఁగా నిరూపించుచున్నది.

ఈ విచారము కేవలము పాండిత్యవినోదము గాదు. ఆంధ్రప్రదేశమున 2020-21 విద్యాసంవత్సరము మొదలు ప్రభుత్వపాఠ్యపుస్తకము లొకపుట తెలుఁగును, దాని కెదురుపుట నాంగ్లమునుగా ముద్రింపఁబడసాగినవి. కృష్ణానదికి ఉత్తరమున మెట్టసీమయై, 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరిన వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములయందలి బాలుఁడు జీవశాస్త్రపుటలో ‘రూట్’ అనుదాని కెదుట ‘వేరు’ అనియు, గణితపుటలో నా పదమునకే ‘మూలము’ అనియుఁ జదువును. తెలుఁగు వ్యాకరణమునఁ జదువు ‘ధాతువు’ సయిత మాంగ్లమున ‘రూట్’ అనియే యనఁబడును. ఆంగ్లమున నొక్కటియైనది తెలుఁగున మూఁడేల యయ్యెనని యతఁ డడిగినచో నుపాధ్యాయుఁడు చెప్పవలసిన యుత్తర మొకటి యుండవలెను.

మొట్టమొదట శబ్ద మొక్కటియో, రెండో తేల్చుకొనవలెను. వత్సవాయి బస్సుల నిలుపుచోట ‘రూటు’ అనఁగా దారి యని యెల్లరు నెఱుఁగుదురు. ఆ శబ్ద మీ శబ్దము గాదు. దారి యను నర్థముగలది ఫ్రెంచిభాషనుండి యాంగ్లమునఁ జేరినది. దాని పుట్టుక తెఱపింపఁబడిన మార్గమను నర్థముగల లాటిన్ శబ్దమునుండి. వేరను నర్థముగలది యుత్తరయూరోపమునందలి ప్రాచీన నార్సుభాషనుండి వచ్చినది. ఆంగ్లలిపిలో వీని వ్రాఁత భిన్నము. తెలుఁగులిపిలో రెండును ‘రూట్’ అనియే యగును. ఇట్టిదే తెలుఁగునను గలదు. చెట్టునకు మూలమైనది ‘వేరు’, సాధురేఫముతోడిది. భిన్నమను నర్థముగలది ‘వేఱు’, శకటరేఫముతోడిది. అరవమున నీ భేద మిప్పటికిని నిలిచియున్నది. శకటరేఫము వ్రాఁతనుండి తొలఁగిన పిమ్మటఁ దెలుఁగువారి కీ రెండు నొక్కటియే యైనట్లు కనఁబడుచున్నవి. శబ్ద మొక్కటియే, అర్థములు మాత్రమే పెక్కులని కొందఱును, అర్థము భేదించినచో శబ్దమును భేదించునని కొందఱును దలంచిరని భర్తృహరి వాక్యపదీయమునఁ దెలిపెను. ‘వేరు’, ‘వేఱు’ లందు రెండవమతమే సంగతము. ఇఁక విచారింపఁబోవు ‘రూట్’ విషయమున మొదటిమతము సంగతము. ఏలయన నందలి యర్థములన్నియు నొక వృక్షావయవమునుండి సాదృశ్యముచేఁ బుట్టినవి.

వృక్షశాస్త్రమున ‘రూట్’ అనఁగా వేరు. లోకమున భూమిలోపల నుండునదెల్ల వేరని తోఁచును. శాస్త్రమున నట్లు గాదు. వేరునకుఁ గణుపులు లేవు, ఆకులు లేవు. కొనయందు దానిని గాపాడు తొడుగుండును. ఈ లక్షణమునుబట్టి చూచినచో ముల్లంగియుఁ జిలగడదుంపయు వేళ్లు. బంగాళాదుంప, అల్లము, పసుపు భూమిలోనున్నను గాండములే. బంగాళాదుంపపైఁ గనఁబడు ‘కన్నులు’ కణుపులందలి మొగ్గలు. తెలుఁగువారి ‘దుంప’ శబ్దము వంటకు సంబంధించినది. అది యీ భేదమును బాటింపదు. మఱ్ఱియూడలు భూమికిఁ బైనున్నను శాస్త్రమున వేళ్లే. మెట్టరైతుల భాషలో వేరుసెనగ పూఁత రాలిన పిమ్మట ‘ఊడలు దిగు’ నందురు. ఈ యూడ వేరు గాదు. అండాశయమును భూమిలోనికిఁ గొనిపోవు కాఁడ. కాఁబట్టి మఱ్ఱియూడ వేరగుచున్నది, వేరుసెనగయూడ వేరు గాకున్నది. ‘వేరుసెనగ’ యను పేరిలో ‘వేరు’ ఉన్నను దాని గింజ వేరునఁ బుట్టినది గాదు. పత్తి, మిరప మొక్కల తల్లివేరును, వరి, జొన్నల పీచువేళ్లను రైతు కన్నులారఁ జూచి పెట్టిన పేళ్లు మాత్రము శాస్త్రమునకును బనికివచ్చినవి.

గణితమున ‘రూట్’ అనఁగా మూలము. ఆర్యభటుఁడు క్రీ. శ. 499 ప్రాంతమున రచించిన యార్యభటీయమున వర్గమూలమును, ఘనమూలమును గనుఁగొను పద్ధతులను జెప్పెను. 9వ శతాబ్దిలో నమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున ఋణసంఖ్య వర్గము గానేరదు గావున దానికి వర్గమూలము లేదని స్పష్టముగా వ్రాసెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిఁగించి తెలుఁగువారికి గణితభాషను గల్పించెను. కాఁబట్టి వర్గమూలమను మాట యాంగ్లపాఠశాలలతో వచ్చినది గాదు; తెలుఁగుకావ్యములు పుట్టిన తొలిశతాబ్దులనుండియు నున్నదే. పశ్చిమదేశములయందు దీని చరిత్ర వేఱుగా నడచినది. 9వ శతాబ్దిలో బాగ్దాదునఁ గల అల్ ఖ్వారిజ్మీ బీజగణితగ్రంథమున నవ్యక్తరాశిని వేరను నర్థముగల ‘జధ్ర్’ అను నరబ్బీపదముతో వ్యవహరించెను. 12వ శతాబ్దిలో నరబ్బీగ్రంథములను లాటినులోనికి మార్చినవారు దానిని ‘రాడిక్స్’ అనిరి. అదియే యాంగ్లమున ‘రూట్’ అయినది. అరబ్బీపదము సంస్కృతమందలి మూలశబ్దమున కనువాదమని చరిత్రకారులలోఁ గొందఱి యభిప్రాయము. ఇప్పుడు వాడుకలోనున్న మూలచిహ్నము 1525లో జర్మనుదేశీయుఁడైన రూడోల్ఫు గ్రంథమున మొదటఁ గనఁబడినది.

గణితమునందును ‘రూట్’ పదమునకు రెండర్థము లున్నవి. ఒకటి సంఖ్యయొక్క మూలము, రెండవది సమీకరణముయొక్క మూలము. ఒక సంఖ్యయొక్క వర్గము 9 అని సమీకరణమున్నచో దానికి మూలములు రెండు, ధన 3, ఋణ 3. కాని మూలచిహ్నము క్రింద 9 వ్రాసినచో నేఁటి సంకేతమునుబట్టి దాని విలువ ధన 3 మాత్రమే. ఈ రెంటిని గలుపుటచేతనే విద్యార్థులు పరీక్షలందుఁ బొరపడుచుందురు. పొరపాటు లెక్కలో లేదు, పదమును గ్రహించుటలోనున్నది. ఇచ్చటఁ దెలుఁగును నాంగ్లమువలెనే ‘మూలము’ అను నొక్కపదమునే వాడుచున్నది గనుక నుపాధ్యాయుఁడు సంఖ్యామూలమనియు, సమీకరణమూలమనియు విడఁదీసి చెప్పుట లెస్స.

రసాయనశాస్త్రమున నీ లాటిన్ పదమే వేఱు రూపమునఁ జేరినది. 1787లో ఫ్రాన్సుదేశమున గీటన్ ద మోర్వో, లవాజియే మొదలగువారు రసాయనద్రవ్యములకు నూతననామములను గల్పించినపుడు ‘రాడికల్’ అను సంజ్ఞను వ్యవహారమునకుఁ దెచ్చిరి. అనేకద్రవ్యములలో మాఱక నిలిచియుండు భాగ మని దాని తాత్పర్యము. తెలుఁగు రసాయనగ్రంథములందు దీనికి ‘ప్రాతిపదిక’ యను పదము రూఢమైనది. వ్యాకరణ మెఱిఁగినవారి కిది మొదట వింతగాఁ దోఁచును. పాణినిమతమున నర్థముగలదై ధాతువును బ్రత్యయమును గానిది ప్రాతిపదిక. కాఁగా, వేరను నర్థముగల పదమునుండి పుట్టిన సంజ్ఞకు, ధాతువు గానిదానిని దెలుపు సంజ్ఞ పర్యాయమైనది. శబ్దమును బట్టి చూచినచో నిది విరుద్ధము. అర్థమును బట్టి చూచినచో నుచితమే. రామశబ్ద మేడు విభక్తులందును బ్రత్యయములు మాఱుచుండఁగాఁ దాను నిలిచియున్నట్లు, సల్ఫేటు వేర్వేఱు లవణములందు లోహములు మాఱుచుండఁగాఁ దాను నిలిచియుండును. ప్రత్యయము లేని ప్రాతిపదికకుఁ బ్రయోగార్హత లేదు. 1900లో గోంబెర్గు కనుఁగొనిన స్వేచ్ఛాప్రాతిపదికలును సాధారణముగా నొంటిగా నిలువక మఱియొకదానితోఁ గలియుటకుఁ దమకించునవియే. ఈ పదమును గల్పించినవారు శబ్దమును గాక పనిని జూచిరి. మంచి యనువాదమునకు లక్షణ మిదియే.

దంతవైద్యమున ‘రూట్’ అనఁగా దౌడయెముకలో నాటుకొనియుండు పంటిభాగము. దాని నాళమును శుభ్రపఱచు చికిత్సను నేఁడు పల్లెలలో సయితము ‘రూట్ కెనాల్’ అనియే యందురు. దీనిని ‘దంతమూల’ మని తెనిఁగించుట సులభము. కాని తైత్తిరీయప్రాతిశాఖ్యమున దంతమూలము తవర్గమునకు నుచ్చారణస్థానము. నాలుకకొన తాఁకు చోటు. నాలుక యెముకలోనికిఁ బోఁజాలదు గదా. రెండుచోట్లను బదమొక్కటియే, పదార్థము వేఱు. పాశ్చాత్యసంగీతమున స్వరసముదాయమున కాధారమైన స్వరమును ‘రూట్’ అందురు. అది సముదాయము మాఱినపుడెల్ల మాఱును. కర్ణాటకసంగీతమందలి యాధారషడ్జము పాట ముగియువఱకు మాఱదు. కావున దాని కిది పర్యాయము గాదు. కంప్యూటరుశాస్త్రమున దత్తాంశములను వృక్షాకారముగా నమర్చినపుడు మొదటిస్థానము ‘రూట్’. అది చిత్రమునఁ బైభాగమున నుండి, కొమ్మలు క్రిందికి దిగుచుండును. భగవద్గీత పదునైదవ యధ్యాయమున నూర్ధ్వమూలమైన యశ్వత్థమును జదివినవారి కిది క్రొత్త గాదు. ఆ శాస్త్రముననే కొన్ని వ్యవస్థలందు సర్వాధికారముగల వినియోక్తయు ‘రూట్’ అనఁబడును.

వ్యాకరణమున ‘రూట్’ అనఁగా ధాతువు. ఇచ్చట విషయము తలక్రిందగుచున్నది. ఇంతవఱకు నాంగ్లపద మొక్కటి, తెలుఁగుపదములు పెక్కులు. ధాతుశబ్దమున నొక్క సంస్కృతపదమునకుఁ బెక్కాంగ్లపదములు కావలసివచ్చును. ధారణపోషణార్థకమైన ‘ధా’ యను ధాతువుపైఁ దున్ ప్రత్యయము చేరఁగా ధాతుశబ్దము సిద్ధించును. నిలుపునది యని దాని యవయవార్థము. వాతపిత్తశ్లేష్మములును, రసరక్తాదులును, పంచమహాభూతములును, వాని గుణములును, ఇంద్రియములును, కొండలయందుఁ బుట్టు గైరికాదులును, శబ్దములకుఁ బుట్టినిల్లైనదియు ధాతువులని యమరసింహుఁడు పేర్కొనెను. ఆయుర్వేదమున ధాతువులు శరీరమును నిలుపునవి, వ్యాకరణమున శబ్దమును నిలుపునవి. పాణినీయధాతుపాఠమున నివి సుమారు 2000. హిందీలో ‘ధాతు’ వనఁగా నేఁడు లోహము. తెలుఁగు రసాయనమున లోహమునకు లోహమనియే పేరు. ధాతుశబ్ద మచ్చట లేదు. హిందీ శాస్త్రగ్రంథమును జూచి తెలుఁగు వ్రాయువారు ధాతువును ధాతువుగానే దింపినచో నర్థము చెడును.

ధాతుశబ్దమునకు మఱియొక యర్థము జగ్గయ్యపేటయం దే ఱాతిలో నిలిచియున్నది. బౌద్ధులు బుద్ధుని శరీరావశేషములను ధాతువు లనిరి. ధాతువును గర్భమునఁ దాల్చిన కట్టడము ధాతుగర్భము. అదియే సింహళమున ‘దాగబ’ యైనది. జగ్గయ్యపేటయొద్ద ధనంబోడను మిట్టపై 1882లో జేమ్సు బర్గెస్సు త్రవ్వించి చూపిన స్తూప మీ జాతిలోనిది. 3వ శతాబ్దియం దిక్ష్వాకువంశజుఁడైన వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుఁడను శిల్పి యచ్చట నైదు ఆయకస్తంభములను బ్రతిష్ఠించినట్లు శాసనములు దెలుపుచున్నవి. ధాతుశబ్దమును వ్యాకరణమునందు మాత్రమే చదివినవారికి ధాతుగర్భమను మాట యర్థము గాదు. లోహమని యెఱిఁగినవారికి నిధి యను భ్రమ పుట్టును.

ఇట్టి యర్థసాంకర్యమువలనఁ దెలుఁగుభాషాచరిత్రకే యొక పెద్దచిక్కు కలిగినది. ఆంగ్లమున ‘రూట్’ అనఁగా వ్యాకరణమున ధాతువు, లోకమున నుత్పత్తిస్థానము. తెలుఁగునను ‘మూలము’ రెండువిధములఁ జెల్లును. సంస్కృతమే సర్వభాషలకుఁ దల్లియని మూలఘటిక కేతన 13వ శతాబ్దిలో నాంధ్రభాషాభూషణమునఁ జెప్పెను. ఆంధ్రవ్యాకర్తలు పలువు రా మార్గముననే నడచిరి. 19వ శతాబ్దారంభమున విలియం కేరీ మొదలగు నాంగ్లపండితులును దక్షిణదేశభాషలు సంస్కృతమునుండి పుట్టినవనియే వ్రాసిరి. తెలుఁగునఁ దత్సమములు విస్తారముగా నుండుట వారికి నిదర్శనమయ్యెను.

1812లో మదరాసునఁ బుట్టిన సెంటుజార్జికోట కళాశాలలో నీ ప్రశ్న క్రొత్తదారిని బట్టెను. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు తెలుఁగునకు మూలమేది యని యడుగుట మాని, తెలుఁగునకు ధాతువులేవి యని యడిగెను. ఆ కళాశాలయందుఁ బ్రధానపండితుఁడైన వేదము పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుఁగుధాతువుల పట్టిక యతనికి సాధనమయ్యెను. ఎల్లిసు మొదట సంస్కృతధాతువులను దెలుఁగుధాతువులను బ్రక్కప్రక్కఁ బెట్టి, యవి భిన్నములని చూపెను. పిమ్మటఁ దెలుఁగు, కన్నడ, అరవ ధాతువులను సరిచూచి, యవి యేకకుటుంబమునకుఁ జెందినవని నిరూపించెను. తరువాతఁ బదములను, వాక్యరచనను బోల్చెను. బందరు వాసియైన మామిడి వెంకయ్య తత్సమ, తద్భవ, దేశ్యాదివిభాగమును గూర్చి వ్రాసినదియు నతని వాదమునకుఁ దోడ్పడెను. ఈ ప్రబంధము 1816లో క్యాంబెలు దొర తెలుఁగువ్యాకరణమునకుఁ బీఠికగా నచ్చుపడినది. ఆ సంవత్సరముననే జర్మనుదేశమున ఫ్రాంజ్ బోప్పు సంస్కృతక్రియారూపములను గ్రీకు, లాటిన్, పారసీక, జర్మన్ రూపములతోఁ బోల్చి గ్రంథమును బ్రకటించెను. పాణినీయులు వేలసంవత్సరములనుండి సాధించిన ధాతుప్రత్యయవిభాగ మే లేకున్నచో నీ రెండు పనులును జరిగెడివి కావు.

ఎల్లిసు చూపిన మార్గము నెవరైనను బరీక్షింపవచ్చును. తెలుఁగున ‘తిను’, అరవమునఁ ‘దిన్’, కన్నడమునఁ ‘దిన్ను’, సంస్కృతమున ‘అద్’. తెలుఁగున ‘చేయు’, అరవమున ‘చెయ్’, కన్నడమున ‘గెయ్’, సంస్కృతమున ‘కృ’. తెలుఁగున ‘పోవు’, అరవమున ‘పో’, కన్నడమున ‘హోగు’; సంస్కృతమున ‘గమ్’. ‘భుజించు’, ‘రచించు’ మొదలగువానియందు ధాతువు సంస్కృతము. కాని యవి తెలుఁగు క్రియలగుటకుఁ దెలుఁగువారి ‘ఇంచుక్కు’ చేరవలసివచ్చినది. అరువు వచ్చిన ధాతువున కిల్లు చూపునదియు దేశ్యప్రత్యయమే. కావునఁ దెలుఁగుపదములలో ననేకములకు సంస్కృతము మూలమనుట నిజము, తెలుఁగుభాషకు ధాతువులు దేశ్యములనుటయు నిజము. మొదటివాక్యమున ‘మూలము’ పుట్టినచోటు. రెండవదానియందు ధాతువు వ్యాకరణాంగము. ఈ రెంటికిని నాంగ్లమున ‘రూట్’ అను నొక్కపదమే యుండుటచేత నొకటి నిజమైనచో రెండవది యబద్ధమని చాలకాల మిరుపక్షములవారును వాదించిరి. సంస్కృతమునకు గౌరవము తగ్గునను భయ మొకరికిని, తెలుఁగునకు స్వాతంత్ర్యము పోవునను భయ మొకరికిని గలిగెను. పదార్థమును విభజించి చూచినచో నీ రెండు భయములకును దావులేదు.

ఎల్లిసు భాషకుఁ జేసిన వివేచనమును శాస్త్రములకుఁ జేయఁబూనినవారిలో ముఖ్యుఁడు వత్సవాయికి సమీపమునఁ బెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు. అతఁడు నందిగామలో జన్మించిన అయ్యదేవర కాళేశ్వరరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగువారితోఁ గూడి 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పెను. చరిత్రములతోఁబాటు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము, అర్థశాస్త్రము తెలుఁగున వెలువడుట కా మండలి కారణమయ్యెను. ఆ 1906లోనే కాశీనాగరీప్రచారిణీసభవారు హిందీ శాస్త్రపదకోశమును బ్రకటించిరి. లక్ష్మణరావు పిమ్మట నాంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొని, యది పూర్తిగాకమునుపే 1923లో దివంగతుఁడయ్యెను. సర్వస్వమను గ్రంథమున నన్నిశాస్త్రములును నొక్కచోఁ జేరును. అకారాదిక్రమమున నొక శబ్దముక్రింద వృక్షశాస్త్రమును, గణితమును, వ్యాకరణమును గలిసివచ్చును. అందుచే శబ్దమొక్కటియైనచో నేశాస్త్రమునం దేయర్థమో చెప్పక తీఱదు. తరువాతఁ గేంద్రప్రభుత్వము 1961లో శాస్త్రసాంకేతికపదసంఘమును, ఆంధ్రప్రదేశప్రభుత్వము 1968లోఁ దెలుఁగు అకాడమిని నేర్పఱచినవి. వాని పదకోశములు శాస్త్రమునకు వేఱువేఱుగా వెలువడుటకుఁ గారణ మిదియే.

ఆంగ్లమున నొక్కపద మెన్నిశాస్త్రములందుఁ దిరిగినను దెలుఁగున నొక్కపదమే యుండవలెనని కొందఱు కోరుదురు. అట్లైనచో జ్ఞాపకముంచుకొనుట సులభమని వారి వాదము. ‘రూట్’ అనుదాని కంతటను ‘వేరు’ అనినచో వర్గమూలము వర్గపువేరగును, క్రియాధాతువు క్రియవే రగును. విన్నవాఁడు నవ్వును గాని గ్రహింపఁడు. అంతటను ‘మూలము’ అనినచో రైతుబిడ్డకుఁ దెలిసిన తల్లివేరు తెలియని ప్రధానమూలమగును. తెలుఁగున వేర్వేఱుపదము లుండుట దారిద్ర్యము గాదు. ఆంగ్లవిద్యార్థి ప్రకరణమునుబట్టి చేసికొనవలసిన విభాగమును దెలుఁగువిద్యార్థికిఁ బదమే చేసిపెట్టుచున్నది. అట్లని తెలుఁగుననుసరించినంతమాత్రమున నపాయము లేదని తలంపరాదు. ‘దంతమూల’మందును, సంఖ్యాసమీకరణముల ‘మూల’మందును, ఊడయందును దెలుఁగే యేకపదముతో మోసపుచ్చుచున్నది.

నానార్థకశబ్దమున కర్థమును నిర్ణయించు సాధనములను భర్తృహరి సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, లింగము, శబ్దాంతరసన్నిధి, ఔచిత్యము, దేశకాలములు మొదలుగాఁ బెక్కింటిని బేర్కొనెను. భోజనసమయమున సైంధవము తెమ్మనినచో నుప్పును, ప్రయాణసమయమున ననినచో గుఱ్ఱమును దెత్తురు. శాస్త్రభేదము ప్రకరణములలో నత్యంతబలవత్తరమైనది. పాణినియు లోకమున వృద్ధిశబ్దమునకుఁ బెరుఁగుట యర్థమైనను దన శాస్త్రమున దానిని ఆకార, ఐకార, ఔకారములకు సంజ్ఞగాఁ జేసెను. సంజ్ఞను జెప్పినవెనుకఁ దన శాస్త్రమున నా పదమున కా యర్థమే. ప్రతిశాస్త్రము నిట్లే తన పదములను దాను నిర్వచించుకొనును. మఱియొక శాస్త్రపు నిర్వచనమున కది బద్ధము గాదు.

కావున నిఘంటువులను గూర్చువారు ‘రూట్’ అను నాంగ్లపదమునకు ‘వేరు, మూలము, ధాతువు’ అని వరుసగా వ్రాసి విడువక, యొక్కొక్కదానిముందు శాస్త్రనామమును దప్పక చేర్పవలెను. పాఠశాలయందుఁ దెలుఁగుపండితుఁడు ధాతువును బోధించు దినమున గణితోపాధ్యాయుని మూలమును, జీవశాస్త్రోపాధ్యాయుని వేరును గూడఁ బేర్కొని, మూఁడింటికి నాంగ్లమునఁ గల యేకపదమును, అది వృక్షమునుండి తక్కినశాస్త్రముల కెట్లు ప్రాఁకినదియుఁ జెప్పినచో బాలునికి మూఁడు శాస్త్రములును సుబోధము లగును. నేఁడు యంత్రములచేతను ననువాదములు జరుగుచున్నవి. యంత్రమునకుఁ బదములను సమకూర్చువాఁడును మనుష్యుఁడే. అతఁడు ప్రకరణమును విడిచినచో ధాతుగర్భము లోహపుగని గాను, స్వేచ్ఛాప్రాతిపదిక వ్యాకరణదోషము గాను దిద్దఁబడును. దానిని జదివి తప్పని పట్టుకొనఁగలవాఁడు శబ్దమును శాస్త్రమును రెంటిని నెఱిఁగిన యుపాధ్యాయుఁడొక్కఁడే.